ఇంటింటి విజ్ఞానం: కంప్యూటరుకు నీళ్ల చలువ

ఈ నెల వచ్చిన జాబులలో ఒకటి ఔరాద్ తాలూకా సంతపూర్ నుంచి ఒక పెద్దాయన రాసింది. వారి మనవడు ఇంట్లోనే కంప్యూటరు పెట్టుకుని పెళ్లి వీడియోలు కూర్చి ఇస్తాడట. ఇటు బీదర్, ఔరాద్ నుంచీ, అటు నారాయణఖేడ్ నుంచీ ఫోటోగ్రాఫర్లు అతనికి పని తెచ్చి ఇస్తారు. 1956 నవంబరులో రాష్ట్రాల సరిహద్దులు మారి నారాయణఖేడ్ అటూ సంతపూర్ ఇటూ అయినాయి గాని, పెళ్లి సంబంధాలకూ వాటి వీడియోలకూ ఆ గీత నాడూ అడ్డం రాలేదు, నేడూ రాదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పెళ్లి ముహూర్తాలు వరుసగా వుండేది వైశాఖ జ్యేష్ఠాలలో. ఎండలు మండేదీ అప్పుడే. మధ్యాహ్నం రెండు దాటితే మనవడి యంత్రం నెమ్మదిస్తుంది, ఒక్కొక్కసారి ఉన్నట్టుండి ఆరిపోతుంది. సగం అయిన పని పోతుంది. మాట ఇచ్చిన వేళకు వీడియో అందదు. ఇందుకు విరుగుడుగా అతను ప్రాసెసర్ వేగం ఇంకా పెంచి, ఆ పెరిగిన వేడికి నీళ్ల గొట్టాలతో చలువ ఏర్పాటు చేసుకుంటానంటున్నాడు. ఖర్చు నలభై వేల రూపాయలు. ఇంట్లో సిద్ధంగా వున్న సొమ్ము చెల్లెలి కాలేజీ ఫీజుకు దాచినది. తాతగారు మూడు ప్రశ్నలు అడిగారు. కరెంటు పెట్టెలో నీళ్లు పోయడం క్షేమమేనా? నీళ్లు తిప్పినంత మాత్రాన మన ఎండలకు ఆ యంత్రం ఆగుతుందా? కూజాలో నీళ్లు చల్లగానే వుంటాయి కదా, వాటినే తిప్పితే చాలదా?

మూడూ మంచి ప్రశ్నలే. సమాధానం ఒక్క సంతపూర్‌కే కాదు, వేసవిలో కంప్యూటరు ముందు పిల్లలు కూర్చునే ప్రతి ఇంటికీ పనికివస్తుంది. కనుక కాస్త వివరంగా రాస్తున్నాము.

వేడి పుట్టే చోటు

కంప్యూటరులో లెక్కలు చేసే ముక్క ప్రాసెసర్. అగ్గిపెట్టెకంటె చిన్నదైన ఆ సిలికాను పలకలో వందల కోట్ల మీటలు వుంటాయి. అవి ఒక తాళానికి లోబడి తెరుచుకుంటూ మూసుకుంటూ వుంటాయి. ఆ తాళాన్నే క్లాకు అంటారు. నాలుగు గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు నాలుగు వందల కోట్ల దెబ్బలు. తయారీదారు నిర్ణయించిన దానికంటె ఈ తాళాన్ని హెచ్చించి నడపడమే ఓవర్‌క్లాకింగ్. అన్ని ప్రాసెసర్లూ ఇందుకు ఒప్పుకోవు. ఇంటెల్ వారివి పేరు చివర ‘కె’ అక్షరం వున్నవి ఇందుకోసం వదిలిపెట్టినవి.

ఎద్దును నడక మాన్పించి దౌడు తీయిస్తే మేత ఎక్కువ కావాలి. ఇక్కడ మేత వోల్టేజి. వేగం పెంచి వోల్టేజి పెంచకపోతే లెక్కలు తప్పుతాయి, తెర స్తంభించిపోతుంది. వోల్టేజి పెంచితే మాత్రం వేడి ఊరుకోదు. ప్రాసెసర్ తినే కరెంటు వేగాన్ని బట్టి పెరుగుతుంది, వోల్టేజికైతే దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం నూటికి పది, వోల్టేజి నూటికి పది పెంచారనుకోండి. 1.1ను మూడుసార్లు హెచ్చవేస్తే 1.33 వస్తుంది. అంటే వేడి నూటికి 33 వంతులు పెరిగింది. 125 వాట్ల ప్రాసెసర్ 166 వాట్లది అయింది. ప్రతిఫలం ఏమిటి? మహా అయితే గంటలో అయ్యే పని 55 నిమిషాలకు అవుతుంది. లాభం ఐదు నిమిషాలు, వేడి మూడోవంతు అదనం. ఈ బేరాన్ని ముందు మనసులో పెట్టుకోవాలి.

హెచ్చు వోల్టేజి వల్ల మరొక నష్టం కూడా వున్నది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజి అందుకుంటూ క్రమంగా క్షీణిస్తున్నాయని ఆ కంపెనీయే 2024లో ఒప్పుకుని, సవరణ విడుదల చేసి, గ్యారంటీని రెండేళ్లు పొడిగించింది. ఆ తరం యంత్రం వున్నవారు మదర్‌బోర్డు బయాస్‌ను కొత్తదానికి మార్పించుకున్నారో లేదో చూసుకోవాలి. నీళ్లు వేడిని మోసుకుపోగలవు గాని, వోల్టేజి చేసే అరుగుదలను పూర్తిగా ఆపలేవు.

నీరు చేసే పని ఏది, చేయలేని పని ఏది

ఒక లీటరు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1.2 జౌళ్లు చాలు. ఒక లీటరు నీటికి 4,180 జౌళ్లు కావాలి. అంటే ఒకే పరిమాణంలో నీరు గాలికంటె రమారమి మూడున్నర వేల రెట్లు వేడిని మోయగలదు. నిమిషానికి ఒక లీటరు చొప్పున, అంటే చిన్న చెంబుడు నీళ్లు పారితే, 250 వాట్ల వేడిని మోసుకుపోతూ ఆ నీరు మూడున్నర డిగ్రీలు మాత్రమే వేడెక్కుతుంది.

కాని నీరు కూలివాడు మాత్రమే. బరువును ఇక్కడ ఎత్తి అక్కడ దించుతుంది. దించే చోటు రేడియేటరు, అనగా సన్నని రేకుల మధ్య గొట్టాలు, వాటి మీద ఫ్యాన్లు. అక్కడ వేడి గదిలోని గాలికే చేరుతుంది. కాబట్టి ఎంత ఖరీదైన ఏర్పాటైనా నీటిని గది గాలికంటె చల్లబరచలేదు. గది 38 డిగ్రీలుంటే నీరు 38కి దిగదు. మంచి ఏర్పాటులో కూడా గదికంటె పది డిగ్రీలు ఎక్కువగానే నిలుస్తుంది.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. నీళ్ల చలువ పెట్టినంత మాత్రాన గదిలోకి వచ్చే వేడి తగ్గదు. యంత్రం 400 వాట్లు తింటే 400 వాట్ల వేడీ ఆ గదిలోనే పడుతుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు వంద వాట్ల వేడి వస్తుంది. అంటే ఆ గదిలో మరి నలుగురు చుట్టాలు వచ్చి కూర్చున్నట్టే. ఆ నలుగురికీ గాలి ఆడాలి కదా! రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే 3.2 యూనిట్లు, నెలకు 96 యూనిట్లు. బిల్లు కట్టేవారు ఈ లెక్క కూడా చూసుకోవాలి.

మరి కూజా సంగతి? తాతగారి ఊహలో తప్పు లేదు. కూజా గోడల్లోంచి నీరు చెమర్చి ఆవిరైపోతుంది. ఆవిరయ్యే నీరు లోపలి నీటి వేడిని పట్టుకుపోతుంది. అందుకే కూజా నీరు గాలికంటె చల్లగా వుంటుంది. ఎండ ఎంత పొడిగా వుంటే అంత చల్లన. డెజర్ట్ కూలరు సూత్రమూ ఇదే. అయితే కూజా ఆ పనిని నిదానంగా చేస్తుంది, కొన్ని వందల వాట్లకు తట్టుకోలేదు. పైగా తెరిచిన నీటిలో దుమ్ము పడుతుంది, పాచి పెరుగుతుంది, ఆవిరైన కొద్దీ ఉప్పులు మిగిలిపోయి చిక్కబడతాయి. ప్రాసెసర్ మీది రాగి దిమ్మెలో నీరు పారే కాలువలు మిల్లీమీటరు కంటె సన్ననివి. నాలుగు వారాలలో అవి పూడుకుపోతాయి.

మంచు వేస్తేనో అని కొందరు కుర్రవాళ్లు అడుగుతారు. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి. 300 వాట్ల వేడి దాన్ని పద్దెనిమిది నిమిషాలలో కరిగిస్తుంది. ఒక పెళ్లి వీడియోకు ఎన్ని కిలోలు? అంతకంటె ప్రమాదం మరొకటి. తొలకరి తర్వాత గది 28 డిగ్రీలుండి గాలిలో తేమ నూటికి 80 వంతులుంటే, 24 డిగ్రీలకు దిగిన ప్రతి వస్తువు మీదా మంచుబిందువులు పడతాయి. చల్లని చెంబు చెమర్చినట్టు గొట్టాలూ దిమ్మే చెమర్చి, ఆ నీరు మదర్‌బోర్డు మీదికి కారుతుంది. గదికంటె చల్లబరచాలనే ఆశను కంప్యూటరు విషయంలో వదులుకోవడమే మేలు.

ఇది కొత్త విద్య కాదు

నీళ్లతో కంప్యూటరును చల్లబరచడం పిల్లల సరదాగా పుట్టలేదు. 1980లో ఐ.బి.ఎం. ప్రకటించిన 3081 అనే పెద్ద యంత్రంలో చిప్పుల మీది లోహపు మూతలలో నీరు పారేది. 1985 నాటి క్రే-2 యంత్రం విద్యుత్తు ప్రవహించని ఒక ద్రవంలో మునిగి వుండేది. మన రాష్ట్రంలోనే, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో 2022లో నెలకొన్న పరమ్ ప్రవేగ అనే 3.3 పెటాఫ్లాప్స్ సూపర్ కంప్యూటరు కూడా ద్రవంతో నేరుగా చల్లబడే తరహాదే. ఇళ్లలో వాడే యంత్రాలకు వస్తే, ఆపిల్ వారు 2004లో పవర్‌మాక్ జి5లో ఒక రకాన్ని ద్రవపు చలువతో అమ్మారు. కొన్నేళ్లకు వాటిలో కొన్ని కారి లోపలి భాగాలు పాడైనాయి. విద్య మంచిదే. కాని పెద్ద సంస్థలలో దాన్ని కనిపెట్టుకుని వుండే మనుషులు వుంటారు. ఇంట్లో ఆ మనిషి మనమే.

మన బీదర్ చెప్పే రెండు పాఠాలు

నీటిని నడిపించడం, లోహాలను కలపడం, ఈ రెండింటిలోనూ మన బీదర్‌కు అయిదారు వందల ఏళ్ల అనుభవం వున్నది.

మొదటిది కారేజు. బహమనీల కాలంలో పారశీక దేశపు పద్ధతిని అనుసరించి నౌబాద్ దగ్గర జంబిటిట్టు రాతిలో సొరంగం తొలిచి నీటిని పారించారు. పంపు లేదు, మోటారు లేదు. నేలవాలు ఒక్కటే ఆధారం. సొరంగం పొడుగునా పైకి తెరుచుకునే బావులు పెట్టారు. తవ్విన మట్టి తీయడానికీ, గాలి ఆడడానికీ, పూడిక తీయడానికి దిగడానికీ అవే దారి. కంప్యూటరు గొట్టాలకూ ఇదే నీతి. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అన్నది ముందు చూసుకోవాలి. గాలి బుడగ ఎప్పుడూ అన్నిటికంటె ఎత్తైన చోటికి చేరుతుంది. ఆ ఎత్తైన చోటు పంపు కాకూడదు. పంపులో గాలి చేరితే గరగరమని మోగుతుంది, నీరు తోడదు, కొద్ది రోజులకు అరిగిపోతుంది. రేడియేటరును పెట్టెకు నెత్తిన బిగిస్తే బుడగలు అక్కడ చేరి హాని చేయవు. విడి తొట్టి వున్న ఏర్పాటైతే తొట్టి పంపుకంటె పైన వుండాలి. అన్నిటికంటె కింద ఒక మర వుండాలి, నీరు దింపి కడగడానికి. పూడిక తీసే దారి లేని కాలువ ఎన్నాళ్లో పారదు.

రెండవది బిద్రీ. తుత్తునాగంలో కొంచెం రాగి కలిపి పోతపోసి, వెండి తీగె పొదిగి, చివరను కోట మట్టినీ నవాసాగరాన్నీ నీటితో కలిపి పూస్తారు. తుత్తునాగపు లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే మెరుస్తుంది. ఒకే మట్టి, ఒకే నీరు. ఒక లోహం మారింది, పక్కది మారలేదు. ఈ కళకు 2006లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బీదర్ కళాకారులు షా రషీద్ అహ్మద్ ఖాద్రీగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ మార్పు కళాకారుడి చేతిలో అందం అవుతుంది. అదే మార్పు కంప్యూటరు గొట్టాలలో తెలియకుండా జరిగితే నష్టం. ఉప్పులున్న నీటిలో రెండు వేరువేరు లోహాలు ఒకదానితో ఒకటి తగులుతూ మునిగి వుంటే అది చిన్న బ్యాటరీ అవుతుంది. లొంగే లోహం కరిగిపోతుంది. రాగి దిమ్మెకు అల్యూమినియం రేడియేటరు తగిలించితే జరిగేది ఇదే. అల్యూమినియం తొలుచుకుపోయి, ఆ పొడి కాలువల్లో అడ్డం పడి, చివరకు చిల్లి పడుతుంది. చౌకగా దొరికింది కదా అని విడివిడి భాగాలు కొనేవారు ఇక్కడే మోసపోతారు. రాగి, ఇత్తడి, నికెల్ పూత, ఇవి ఒకదానితో ఒకటి పొసగుతాయి. అల్యూమినియాన్ని వాటితో కలపవద్దు. ముందే మూసివచ్చే ఏర్పాట్లలో ఈ రెండూ కలిసి వుండే మాట నిజమే గాని, వాటిలో తుప్పును ఆపే ద్రవాన్ని కొలతగా పోసి ఫ్యాక్టరీలోనే మూసేస్తారు.

పోయవలసిన నీరు ఏది?

సంతపూర్ చుట్టుపక్కల నల్లరేగడి నేల, అడుగున నల్లరాయి. బోరు నీటిలో సున్నపు ఉప్పులు వుంటాయని గిన్నెల అడుగున పేరుకునే తెల్లని పొరే చెపుతుంది. ఆ నీరు ఎంతమాత్రం పనికిరాదు. తాగడానికి వాడే ఆర్‌.ఓ. నీటిలోనూ కొంత ఉప్పు మిగిలే వుంటుంది. డిస్టిల్డ్ వాటరు కావాలి. అందులో తుప్పునూ పాచినీ ఆపే మందు, కంప్యూటర్ల కోసమే అమ్మేది, చెప్పిన కొలతకు కలపాలి. బ్యాటరీ దుకాణంలో డిస్టిల్డ్ వాటరు దొరుకుతుంది గాని, అదే దుకాణంలో ఆసిడు కూడా అటువంటి డబ్బాలోనే వుంటుంది. సీలు వున్న డబ్బా, దాని మీది పేరు చదివి మరీ తీసుకోవాలి.

ఇప్పుడు మొదటి ప్రశ్న. స్వచ్ఛమైన నీరు కరెంటును బహు తక్కువగా ప్రవహింపజేస్తుంది. కాని గొట్టాలలో తిరిగిన నాలుగు రోజులకే లోహపు అణువులు కలిసి ఆ స్వచ్ఛత పోతుంది. కాబట్టి డిస్టిల్డ్ వాటరే కదా అని కారినా ఫరవాలేదనుకోవడం పొరపాటు. ఇంట్లో మనుషుల మాట వేరు. పెట్టెలో భాగాలకు అందేది 12 వోల్టులు, అంతకంటె తక్కువ. పంపుకూ అంతే. 230 వోల్టులు వుండేది పవర్ సప్లై డబ్బాలో. నీటి అతుకులు ఏవీ దాని పైన రాకుండా చూసుకోవాలి. ఇంటికి మంచి ఎర్తింగు వుండాలి. ఈ రెండూ లేని ఇంట్లో నీళ్ల ఏర్పాటు తలపెట్టవద్దు.

కట్టి పూర్తిచేసిన తర్వాత వెంటనే యంత్రం నడపకూడదు. బోర్డుకు కరెంటు ఇవ్వకుండా పంపుకు ఒక్కదానికే ఇచ్చి, ప్రతి అతుకు కిందా తెల్లని కాగితం పరిచి, ఒక పగలూ ఒక రాత్రీ తిప్పాలి. కాగితం మీద ఒక్క చుక్క కనిపించినా విప్పి మళ్లీ బిగించాలి. ముందే మూసివచ్చే ఏర్పాటుకు ఈ శ్రమ లేదు.

రోహిణీ కార్తెకు లెక్క

ఎంత రేడియేటరు కావాలి? అభిరుచి వున్నవారు వాడే మోటు లెక్క ఒకటి వున్నది. 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒక్కటి పట్టే రేడియేటరు, నీరు గదికంటె పది డిగ్రీలు ఎక్కువ వున్నప్పుడు, వంద వాట్లను దించగలదు. మనవడి యంత్రంలో ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ చేస్తే 170 వాట్లు అనుకుందాము. దానికి రెండు ఫ్యాన్లది, అంటే 240 మిల్లీమీటర్లది కావాలి. గ్రాఫిక్స్ కార్డును కూడా నీళ్లలో కలిపితే మరొక 200 వాట్లు. అప్పుడు నాలుగు ఫ్యాన్లది కావాలి. నలభై వేలు అయ్యేది అక్కడ.

ఇక ఉష్ణోగ్రత. నీటికీ ప్రాసెసర్ లోపలికీ మధ్య ప్రతి వాటుకు 0.2 డిగ్రీ తేడా అనుకుంటే, 170 వాట్లకు 34 డిగ్రీలు. పుష్యమాసంలో గది 22 డిగ్రీలు. నీరు 32, ప్రాసెసర్ 66. కులాసాగా వుంటుంది. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అప్పుడు రేకుల కప్పు కింద గది 40 డిగ్రీలు. నీరు 50, ప్రాసెసర్ 84. రేడియేటరుకు దుమ్ము పట్టి నీరు ఇంకో ఎనిమిది డిగ్రీలు ఎక్కితే 92. చాలా ప్రాసెసర్లకు హద్దు 95 నుంచి 100 డిగ్రీల మధ్య. ఆ హద్దు తగలగానే యంత్రం తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అనగా నలభై వేలు పోసి పెంచిన వేగం సరిగ్గా పెళ్లిళ్ల కాలంలో అక్కరకు రాకపోవచ్చు. సంక్రాంతికి సరిపోయింది కదా అని ప్లాను వేయకూడదు. లెక్క ఎప్పుడూ మే నెలకు వేయాలి.

జాబులో వున్న మరో సూచన మరువరాదు. యంత్రం నెమ్మదించడం ఒక సంగతి, ఉన్నట్టుండి ఆరిపోవడం మరొక సంగతి. ప్రాసెసర్ వేడెక్కితే ముందు నెమ్మదిస్తుంది. ఉన్నట్టుండి ఆరిపోతే పవర్ సప్లై చాలకపోవచ్చు, ఇంటి వోల్టేజి పడిపోతూ వుండవచ్చు, లేదా ప్రాసెసర్‌కు కరెంటు అందించే మదర్‌బోర్డు భాగాలు కాగిపోతూ వుండవచ్చు. ఈ చివరిదానికి నీళ్లు మేలు చేయకపోగా కీడు చేయవచ్చు. ప్రాసెసర్ మీది ఫ్యాను తీసివేస్తే, ఇంతవరకూ దాని గాలి సోకి చల్లబడుతున్న ఆ భాగాలకు గాలే లేకుండా పోతుంది. జబ్బు తెలియకుండా మందు కొనరాదు. ఉష్ణోగ్రతలను గంటగంటకూ రాసిపెట్టే ఉచిత ప్రోగ్రాములు వున్నాయి. ఒక వారం మధ్యాహ్నాలు నడిపి, గది ఎంత, ప్రాసెసర్ ఎంత, కార్డు ఎంత, వేగం ఎప్పుడు తగ్గింది అన్నది పుస్తకంలో రాసుకోవాలి.

మా సలహా

ఓవర్‌క్లాకింగ్ మానుకోవాలి. ఇష్టం కోసం చేసేవారు చేయవచ్చు, తప్పులేదు. బువ్వ పెట్టే యంత్రం మీద మాత్రం వద్దు. అతనికి కావలసింది ఐదు నిమిషాల తొందర కాదు, మధ్యలో ఆగని యంత్రం.

ముందు ఖర్చు లేని పనులు. పెట్టె మూత తీసి దుమ్ము దులపాలి. కంది, సోయా నూర్పిళ్ల కాలంలో మన పల్లెల్లో గాలిలో తిరిగే పొట్టు అంతా ఫ్యాన్లలోనే చేరుతుంది. ఫ్యాను రెక్కలు తిరగకుండా పట్టుకుని మరీ ఊదాలి. తర్వాత ప్రాసెసర్‌కూ దాని మీది లోహానికీ మధ్య ఎండిపోయిన పేస్టును తుడిచి కొత్తది బఠాణీగింజంత వేయాలి. పెట్టెను గోడకు జానెడు దూరం జరిపి, వేడిగాలి కిటికీ వైపు పోయేలా పెట్టాలి. డెజర్ట్ కూలరును యంత్రం ముఖాన పెట్టవద్దు. తేమ గాలి మనిషి వైపు, దుమ్ములేని గాలి యంత్రం వైపు.

తర్వాత బయాస్‌లో వోల్టేజిని కొంచెం కొంచెంగా తగ్గించి చూడాలి. దీన్ని అండర్‌వోల్టింగ్ అంటారు, ఓవర్‌క్లాకింగ్‌కు తిరగవేసిన లెక్క. వోల్టేజి నూటికి ఐదు తగ్గితే, వేగం అదే వున్నా, వేడి దాదాపు నూటికి పది తగ్గుతుంది. ఒక్కొక్క మెట్టు దిగినప్పుడల్లా రెండు మూడు గంటలు బరువైన పనితో పరీక్షించాలి. తెర ఆగితే ఒక మెట్టు వెనక్కి రావాలి. ఇందుకు ఒక్క పైసా ఖర్చు లేదు.

ఇవన్నీ చేసినా చాలకపోతే, రమారమి మూడు వేల రూపాయల ఎత్తైన గాలి కూలరు వేయించాలి. అందులో చెడిపోయేది ఫ్యాను ఒక్కటే. చెడితే బీదర్‌లో ఆ రోజే దొరుకుతుంది. అదీ చాలనినాడు, ఏడెనిమిది వేలలో 240 మిల్లీమీటర్ల మూసివచ్చే నీళ్ల ఏర్పాటు. అయితే అందులో పంపు ఆగితే మార్చడానికి వీలుండదు, మొత్తం మార్చాలి. ఐదారేళ్లే దాని ఆయుస్సనుకుని కొనాలి. గ్యారంటీ ఎన్నేళ్లు, కారితే ఇతర భాగాల నష్టం ఇస్తారా అన్నది కొనేముందే కాగితం మీద చూసుకోవాలి. విడిభాగాలతో కట్టే నలభై వేల ఏర్పాటు ఈ పనికి అక్కరలేదు. పవర్ సప్లై చాలకపోతే ఆ సొమ్ములో కొంత దానికీ ఒక మంచి యూపీఎస్‌కూ పెడితే సగంలో పోయే పని నిలుస్తుంది.

చెల్లెలి ఫీజు సంగతి తాతగారు అడగలేదు గాని, లెక్కే జవాబు చెప్పింది. ఫీజు ముట్టుకోనక్కరలేదు.

మనవడికి ఒక మాట. నాయనా, నీళ్ల ఏర్పాటు కట్టుకోవాలన్న నీ కోరిక చెడ్డది కాదు. గొట్టం వంచడం, వేడి లెక్క కట్టడం, లోహం పొందిక చూడడం, ఇవి చేతికి వస్తే ఎక్కడైనా అన్నం పెడతాయి. పాత యంత్రం ఒకటి, పనికిమాలినది, ఎవరింటనైనా దొరుకుతుంది. దాని మీద నేర్చుకో. పెళ్లివారి వీడియో వున్న యంత్రం మీద వద్దు.

అందరికీ పనికివచ్చే నియమం ఒకటి. ఉగాదికి ఇల్లు దులిపే రోజున కంప్యూటరు పెట్టె కూడా దులపండి. నూర్పిళ్లు అయినాక ఇంకొకసారి. మూసివచ్చే నీళ్ల ఏర్పాటు వున్నవారు ఆ రోజున గొట్టాల అతుకుల దగ్గర వేలితో తడిమి చూడండి. జిగట గాని, తెల్లని పొడి గాని తగిలితే ఆ యంత్రాన్ని ఆపి బాగుచేయించండి.

వచ్చే నెల: ఇన్వర్టరు బ్యాటరీలో నీరు ఎప్పుడు పోయాలి, ఎంత పోయాలి.